తోకే దాని పడగ!

తొలకరి పడి నాలుగు రోజులైంది. మామిడి తోపులో కాయకోత చివరికొచ్చింది. చెట్ల కింద నెమ్ము పట్టిన ఎండుటాకుల్ని ఓ పక్కకు ఊడుస్తుంటే గోధుమరంగు దారంలాంటిదేదో జారి బయటపడుతుంది. జానెడు పొడవు, పెన్సిలంత లావు. వానపామే అనుకుంటాం. సెలవు రోజున అమ్మానాన్నలతో పాటు తోపుకొచ్చిన పిల్లాడైతే పుల్లతో కదిలిస్తాడు. కాస్త తుంటరివాడైతే వేళ్ళతో ఎత్తబోతాడు కూడా.

అప్పుడు మొదలవుతుంది అసలు తమాషా. ఆ దారం తన తలను ఒంటి చుట్టల కింద దాచేసుకుని, తోకను మాత్రం ఉంగరంలా మెలిపెట్టి పైకి లేపుతుంది. లేపి అటూ ఇటూ ఊపుతుంది. తోక అడుగు భాగం నీలం కలిసిన బూడిద రంగులో మెరుస్తుంది. ఆ పక్కనే పొట్ట... అప్పుడే సానబట్టిన పగడంలా ఎర్రగా! పడగ విప్పిన నాగుపామును చూసి ఆగిపోయినట్టే ఎవరైనా ఒక్క క్షణం ఆగిపోతారు. సరిగ్గా దానికి కావలసిందీ ఆ క్షణమే.

ఇంగ్లిష్‌లో దీన్ని స్లెండర్ కోరల్ స్నేక్ అంటారు. తెలుగులో చెప్పుకోవాలంటే సన్న పగడపు పాము. శాస్త్రీయ నామం కాలియోఫిస్ మెలన్యూరస్. గ్రీకు భాషలో కాలియోఫిస్ అంటే 'అందమైన పాము', మెలన్యూరస్ అంటే 'నల్లతోకది' అని అర్థం. 1802లో జార్జ్ షా అనే ఆంగ్లేయుడు దీన్ని శాస్త్ర గ్రంథానికి ఎక్కించాడు. పేరు పెట్టినాయన తోకనే గుర్తుగా తీసుకోవడం బాగానే ఉంది. ఈ పాము కథంతా తోకలోనే ఉంది మరి.

శ్రీకాళహస్తి పేరులో 'కాళ' అంటే పాము అని మన జిల్లాలో పిల్లలకు కూడా తెలుసు. ఆ గుడి వీధుల్లోనే కుజదోషానికి పగడం ఉంగరాలూ అమ్ముతారు. పామూ తెలిసిందే, పగడమూ తెలిసిందే. రెండూ కలిసిన పాము మాత్రం మనలో చాలామందికి తెలియదు! నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, జెర్రిపోతు, నీటిపాము, పసిరికపాము... ఇలా లెక్కపెట్టుకుంటూ పోతే పగడపు పాము దాకా రాకుండానే వేళ్ళు అయిపోతాయి. ఎందుకంటే అది కనబడేదే తక్కువ. పగలంతా రాళ్ళ కిందో, పుచ్చిన మొద్దుల కిందో, ఆకుల మెత్తలోనో, వదులు మట్టిలోనో ఉంటుంది. చీకటి పడ్డాక, అదీ వాన పడి నేల చల్లబడితే, బయటికొస్తుంది.

సరే, కోరల్ స్నేక్ ఎలా ఉంటుందో చూద్దామని ఎవరైనా ఫోన్‌లో వెదికారనుకోండి. ఎరుపు, పసుపు, నలుపు కట్లు వరసగా చుట్టిన, పండగ గాజుల్లాంటి పాము బొమ్మలు కనిపిస్తాయి. అవి అమెరికా ఖండాల్లోవి. అక్కడ ఆ కట్ల రంగులు ఏ వరసలో ఉంటే విషపుదో, ఏ వరసలో ఉంటే కాదో చెప్పే చిన్న పద్యం కూడా ఇంగ్లిష్‌లో ఉంది. టీవీలో జంతువుల చానళ్ళు చూసే పిల్లలు దాన్ని గడగడా అప్పజెబుతారు. ఆ సూత్రం ఉత్తర అమెరికా దాటితే పనికిరాదు. దక్షిణ అమెరికాలోనే తప్పుతుంది, ఇక మామండూరు అడవి దగ్గరకొస్తే చెప్పాలా? మన పాము వీపు మీద ఎరుపూ లేదు, పసుపు కట్లూ లేవు. దాని అందమంతా కింద ఉంది. అది చూపించాలనుకుంటే తప్ప మనకు కనబడదు.

మరి గుర్తుపట్టడం ఎలా? తల, మెడ నల్లగా ఉంటాయి. ఆ నలుపు మీద చిన్న చిన్న పసుపు మచ్చలు. తలకూ మెడకూ వెడల్పులో తేడా లేదు. మన పింజరికి ఉండే ముక్కోణపు తల, సన్నని మెడ ఇక్కడ వెతక్కండి. కళ్ళు ఆవగింజలు. వీపు లేత గోధుమరంగు, పొలుసులు నున్నగా ఉంటాయి. ఒక్కో పొలుసు మీద ఒక్కో చిన్న చుక్క ఉండటంతో దూరం నుంచి ఒంటి పొడవునా సన్నని గీతలు గీసినట్టుంటుంది. తోక దగ్గర మాత్రం పొరబడే పనిలేదు. తోక మొదట్లో ఒకటి, కొసకు దగ్గరగా ఒకటి, రెండు నల్ల పట్టీలు. మహా పెరిగితే 35 సెంటీమీటర్లు. అంటే బడి పిల్లల స్కేలు కంటే నాలుగు వేళ్ళు ఎక్కువ, అంతే.

దీన్ని పోలిన పాము మరొకటుంది. డ్యూమెరిల్స్ బ్లాక్ హెడెడ్ స్నేక్. దానికీ తల నలుపే, ఒళ్ళు గోధుమే. విషం లేదు, మనిషిని ఏమీ చేయలేదు. పొట్ట పసుపు. తోక పొడవు, దాని మీద పట్టీలు ఉండవు. పామును తిరగేసి పొట్ట చూసి నిర్ధారించుకునే సాహసం ఎవరూ చేయనక్కర్లేదు కాబట్టి తోక పట్టీలనే నమ్ముకోవాలి. బ్రిటిష్ హయాంలో ఫ్రాంక్ వాల్ అనే సైనిక వైద్యుడు మన దేశపు విషపాముల్ని గుర్తుపట్టే పద్ధతి ఒకటి రాసిపెట్టాడు. పైపెదవి పొలుసుల్లో మూడోది ఒక పక్క కంటికీ, మరో పక్క ముక్కు పొలుసుకూ తగులుతుంటే అది నాగుపామో పగడపు పామో అయి ఉంటుందట. చచ్చిన పామును బల్ల మీద పెట్టుకుని భూతద్దంతో చూసేవాళ్ళకు పనికొచ్చే విద్య అది. పెరట్లో టార్చిలైటు పట్టుకుని నిలబడ్డ ఇంటాయనకు కాదు.

ఇంతకీ ఆ తోక విన్యాసం దేనికి? పక్షి గానీ ముంగిస గానీ పామును కొట్టాలంటే ముందు తల చూసి కొడుతుంది. తల చితికితే పాము పని అయిపోయినట్టే. పగడపు పాముకు పడగ లేదు, బుస కొట్టి బెదిరించేంత ఒళ్ళూ లేదు. అందుకని తల స్థానంలో తోకను నిలబెడుతుంది. శత్రువు దాన్ని తల అనుకుని పొడిస్తే పోయేది తోక చివర. ఈలోగా అసలు తల కింద నుంచి జారుకుంటుంది, లేదంటే కరుస్తుంది. అమెరికాలో దీని దాయాదులకూ ఈ విద్య తెలుసు. అరిజోనా వైపు ఉండే ఒక రకమైతే ఇంకో మెట్టు పైకెళ్ళి, తోక మెలిపెట్టి వెనుక నుంచి గాలి వదులుతూ టప్ టప్ మని చప్పుడు చేస్తుంది. నవ్వొచ్చే సంగతే గానీ ప్రాణం మీదికొచ్చినప్పుడు ఎవరి విద్య వాళ్ళది.

తోకను తలగా చూపించడం అనగానే రెండు తలల పాము గుర్తొచ్చి ఉండాలి మీకు. ఇంట్లో ఉంటే కనకవర్షం కురుస్తుందని చెప్పి లక్షలకు బేరం పెట్టే ముఠాలు పట్టుబడిన వార్తలు చదువుతూనే ఉంటాం. అది ఎర్ర ఇసుక బోవా. దానికీ ఉన్నది ఒకటే తల. మొద్దుబారిన తోక తలలా కనిపిస్తుంది, అంతకుమించి మహిమేమీ లేదు. పాపం, శత్రువును మోసం చేయడానికి తెచ్చుకున్న వేషం మనిషి దురాశకు చిక్కి దాని మీదికే వచ్చింది.

తెలుగువాళ్ళు ఈ 'రెండు తలల పాము' అన్న పేరును మరో పాముకూ పెట్టారు. ఆ సంగతి 200 ఏళ్ళ పైనాటి పుస్తకంలో ఉంది. ప్యాట్రిక్ రసెల్ అనే స్కాట్లండ్ వైద్యుడు ఈస్టిండియా కంపెనీ కొలువులో విశాఖపట్నంలో ఉంటూ కోరమాండల్ తీరపు పాముల్ని సేకరించాడు. 1796లో వాటి గురించి బొమ్మలతో పెద్ద పుస్తకం అచ్చువేశాడు. రక్తపింజరికి ఇంగ్లిష్‌లో ఉన్న రసెల్స్ వైపర్ అనే పేరు ఈయనదే. మంచి అలవాటు ఏమిటంటే, పాము పట్టి తెచ్చినవాళ్ళు చెప్పిన తెలుగు పేరును విన్నది విన్నట్టు రాసుకున్నాడు. అలా రాసుకున్న 'బంగారు పాము' నుంచే కట్లపాముల జాతికి బంగారస్ అన్న శాస్త్రీయ నామం వచ్చింది. ప్రపంచంలో ఏ దేశపు శాస్త్రవేత్త కట్లపాము పేరెత్తినా మన బంగారాన్ని పలకాల్సిందే! అదే పుస్తకంలో 'రెండు తలల పాము' పేరుతో ఉన్న బొమ్మ ఇసుక బోవాది కాదు, చిన్న గుడ్డిపాముది. 1803లో డాడిన్ అనే ఫ్రెంచి పండితుడు ఆ బొమ్మ ఆధారంగానే దానికి శాస్త్రీయ నామం ఇచ్చాడు.

ఆ గుడ్డిపాము మన పగడపు పాముకు అన్నం ముద్ద. అవును, పగడపు పాము తినేది ప్రధానంగా పాముల్నే. మట్టిలో బతికే గుడ్డిపాముల్ని వెంటాడి మింగుతుంది. దాని ఒళ్ళు అంత సన్నగా ఎందుకుందో ఇప్పుడు అర్థమైందిగా? గుడ్డిపాము దూరిన సందులో తానూ దూరాలి. మింగేదీ దారంలాంటిదే, మింగించుకునేదీ దారంలాంటిదే.

గుడ్డిపామును మీరు చూసే ఉంటారు. వానాకాలం స్నానాలగదిలోనో కుండీల కిందో నల్లగా మెరుస్తూ మెలికలు తిరిగేది, వానపాము కాదు గానీ వానపాములా ఉండేది. పొలుసుల కింద కళ్ళు చుక్కల్లా ఉంటాయి. చీమల, చెదల గుడ్లూ పిల్లలూ దాని ఆహారం. విషం లేదు, కరిచే నోరూ లేదు. శాస్త్రవేత్తలకు ఇంతవరకూ దొరికినవన్నీ ఆడవే! మగతోడు లేకుండానే గుడ్లు పెట్టి సంతానాన్ని కంటుంది. అందుకే కుండీ మట్టిలో ఒక్కటి చేరి ఓడెక్కినా చాలు, కొత్త దేశంలో కాపురం పెట్టేస్తుంది. అలా అమెరికా దాకా పాకింది. ఇంగ్లిష్‌లో పూలకుండీ పాము అనే ముద్దుపేరు కూడా తెచ్చుకుంది.

ఇప్పుడు అసలు చిక్కు చూడండి. కుండీ కింద కనిపించేది గుడ్డిపామైతే భయం లేదు. ఆకుల కింద కనిపించేది పగడపు పామైతే దానికి విషం ఉంది. రెండూ సన్నగానే ఉంటాయి, రెండూ వానలకే బయటపడతాయి. 'చిన్నదేలే, పడగ కూడా లేదు' అన్న లెక్క ఇక్కడే తప్పుతుంది.

పగడపు పాము నాగుపాము కుటుంబానిది. నాగు, కట్లపాము, సముద్రపు పాములు, ఇదీ అంతా ఎలాపిడే వంశం. నోటి ముందు భాగంలో కదలకుండా నిలిచి ఉండే కోరలు, నరాల మీద పనిచేసే విషం వీటి ఇంటి ఆనవాళ్ళు. మన సన్న పగడపు పాము కాటుతో మనిషి చనిపోయినట్టు ఇప్పటివరకూ నమోదు కాలేదు. నోరు చిన్నది, కోరలు మరీ చిన్నవి, ఉన్న విషమూ కొంచెమే. పైగా అది కరవడానికి తొందరపడే రకం కాదు. దాని మొదటి అస్త్రం తోకే. అయితే వేళ్ళ సందులోని పలుచని చర్మం దాని నోటికి సరిగ్గా సరిపోతుంది. చేత్తో ఎత్తబోయిన పిల్లాడు అందించేది ఆ చర్మాన్నే.

ఈ వంశంలో చిన్నచూపు చూడకూడని అన్న ఒకడున్నాడు. మలేషియా, ఇండోనేషియా, థాయ్‌లాండ్ అడవుల్లో తిరిగే నీలి పగడపు పాము. ముదురు నీలం ఒళ్ళు, నిప్పులాంటి ఎర్ర తల, ఎర్ర తోక. దాని విషగ్రంథులు తలలో పట్టక ఒంటిలో పావువంతు దాటి లోపలికి పొడుగ్గా సాగి ఉంటాయి. మామూలుగా నాగు వంశపు విషం నరాల నుంచి కండరాలకు వెళ్ళే కబురును ఆపేస్తుంది, ఒళ్ళు చచ్చుబడుతుంది. ఈ నీలి పాముది తిరుగుబాటు మార్గం. దాని విషంలోని ఒక పదార్థం నరాలను ఆగకుండా మోగే గంటల్లా మార్చేసి, కండరాలను ఒక్కసారిగా బిగపట్టిస్తుందని 2016లో పరిశోధకులు వెల్లడించారు. వేగంగా పారిపోయే పాముల్ని తిని బతికేదానికి ఆహారం అక్కడికక్కడే ఆగిపోవాలి కదా!

అన్నట్టు, అమెరికా పగడపు పాముల పూర్వీకులు ఆసియా నుంచే వలస పోయాయని జన్యు పరిశోధనలు చెబుతున్నాయి. సాఫ్ట్‌వేర్ వాళ్ళ కంటే ఎన్నో లక్షల ఏళ్ళ ముందే అన్నమాట. అంటే రంగుల కట్లతో ఫోన్‌లో వెలిగిపోతున్నవి తర్వాతి తరాలు. నేల కింద నిశ్శబ్దంగా ఉన్నవాళ్ళు మనవాళ్ళు.

పగడపు పాముతో మనిషికి ప్రమాదం తక్కువ అన్నాం. మరి దాన్ని గుర్తుపట్టడానికి ఇంత శ్రమ ఎందుకు? సన్నని పామును చూసి 'ఇదేం చేస్తుందిలే' అనుకునే ఆ నోరే కట్లపాము పిల్లను చూసీ అదే మాట అంటుంది కాబట్టి. కట్లపాము కాటు నొప్పి కూడా పెద్దగా ఉండదు. రాత్రి నేల మీద పడుకున్నవాళ్ళను దోమ కుట్టినట్టు కరిచి పోతుంది. తెల్లారేసరికి కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దవుతుంది, ఊపిరి అందదు. 2020లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం ప్రకారం 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుకు దాదాపు 12 లక్షల మంది బలైపోయారు. ఏడాదికి సగటున 58 వేలు. వాటిలో సుమారు సగం జూన్ నుంచి సెప్టెంబరు లోపు జరిగినవే. మరణాలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో తెలంగాణతో కలిపి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. సెనక్కాయ చేలల్లో కలుపు తీసేది, రాత్రిపూట మోటారు వేయడానికి పోయేది ఆ నెలల్లోనే అని మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

మన ఆసుపత్రుల్లో ఇచ్చే విరుగుడు మందు నాలుగు పాముల విషంతో తయారవుతుంది. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి. ఆ విషాన్ని కొద్ది కొద్దిగా గుర్రాలకు ఎక్కించి, వాటి రక్తంలో పుట్టే రక్షక పదార్థాలను వేరు చేస్తారు. విషం సేకరించేవాళ్ళలో ముఖ్యులు చెన్నై నుంచి మహాబలిపురం వెళ్ళే దారిలోని వడనెమ్మేలిలో 1978లో మొదలైన ఇరుల గిరిజనుల సహకార సంఘంవారు. మన దగ్గర యానాదుల్లాగే తరతరాలుగా పాముల జాడ తెలిసినవాళ్ళు. పగడపు పాము ఆ నాలుగింటిలో లేదు. కాబట్టి అది కరిస్తే వైద్యులు రోగిని దగ్గర పెట్టుకుని, కనురెప్పలూ ఊపిరీ గమనిస్తూ, లక్షణాలను బట్టి చికిత్స చేయాల్సిందే. దానికోసమైనా ఆసుపత్రికే వెళ్ళాలి. పసరు మందుకో మంత్రానికో కాదు.

మంత్రం మాట వచ్చింది కాబట్టి... 'మా ఊరి పెద్దాయన వేపమండతో దిగదుడిస్తే లేచి కూర్చున్నారు' అనేవాళ్ళు ప్రతి మండలంలోనూ ఉంటారు. వాళ్ళు అబద్ధం చెప్పడం లేదు. మన దేశంలో 300కు పైగా పాము జాతులుంటే విషం ఉన్నవి 60 దాకా మాత్రమే. అసలైన విషపాము కూడా కొన్నిసార్లు విషం వదలకుండానే కరిచి వదిలేస్తుంది. ఆ లేచి కూర్చున్నవాళ్ళంతా ఎలాగూ లేచేవాళ్ళే. కట్లపాము కరిచినవాళ్ళు లేవలేదు, ఆ కథలు చెప్పేవాళ్ళు ఉండరు. కరిచిన చోట కోయడం, నోటితో పీల్చడం, తాడుతో బిగించి కట్టడం... ఇవన్నీ చేటు చేసేవే. ఉంగరాలు, గాజులు, మెట్టెలు తీసేయాలి. కాటు పడిన చేయో కాలో కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయాలి. పామును చంపి సంచిలో వేసుకుని వెళ్ళాల్సిన పనిలేదు. తెగిన పాము తల కూడా కాసేపటి వరకూ కరవగలదు.

పాముకాటు మరణాలను 2030 నాటికి సగానికి తగ్గించాలని కేంద్రం 2024 మార్చిలో జాతీయ ప్రణాళిక ప్రకటించింది. ప్రణాళికలకేం గానీ, మంచం మీద పడుకోవడం, దోమతెర అంచులు పరుపు కిందికి దోపడం, చీకట్లో టార్చి లేకుండా అడుగు వేయకపోవడం ఈ రాత్రి నుంచే చేసుకోవచ్చు.

ఇక మన కొండల సంగతి. 2010లో జీవావరణ రక్షిత ప్రాంతంగా ప్రకటించిన శేషాచలం విస్తీర్ణం 4,700 చదరపు కిలోమీటర్ల పైమాటే. ఎర్రచందనం దొంగల పుణ్యమా అని ఆ అడవి పేరు ఏడాది పొడవునా పేపర్లో ఉంటుంది. దాని నేల మీద పాకేవాటి పేర్లే తక్కువగా వస్తుంటాయి. శ్రీలంకలో తప్ప ఇంకెక్కడా లేదనుకున్న ఒక ఎగిరే పాము ఇక్కడ దొరికిందని 2015లో పరిశోధకులు ప్రకటించినప్పుడు పాముల శాస్త్రం చదివినవాళ్ళు నోరెళ్ళబెట్టారు. మన సన్న పగడపు పాము కూడా దక్షిణ భారతంలోనూ శ్రీలంకలోనూ ఉండేదే. సముద్రమట్టం తగ్గి రెండు నేలలూ కలిసి ఉన్న కాలంలో ఇటూ అటూ నడిచిన పరివారం ఇది. వీటి జాడ తెలియాలంటే అడవిలో తిరిగే పరిశోధకులు ఒక్కళ్ళే చాలరు. తోపుల్లో, పెరళ్ళలో కంటపడినవీ లెక్కకు రావాలి.

మీకు కనిపిస్తే నాలుగడుగుల దూరంలోనే ఆగి ఫోన్‌తో ఫొటో తీయండి. పిల్లల్ని వెనక్కి పంపండి. తల కోసం తంటాలు పడొద్దు, ఎలాగూ దాచేసుకుంటుంది. తోక మీది రెండు నల్ల పట్టీలు ఫొటోలో పడితే చాలు. అటవీశాఖ వాళ్ళకో, కాలేజీలో జువాలజీ చెప్పే మాస్టారుకో ఆ ఫొటో, ఊరి పేరు, తేదీ పంపితే సరిపోతుంది.